బొడ్డుకర్రకు వేసిన జారుముడి

మా పాలిటెక్నిక్‌లో నా తర్వాత ఎన్నో ఏళ్ళకి చదువుకున్న పిల్లలు ఒక సంచిక తెస్తున్నారట. మీ సర్వీసులో మీరు గర్వపడే సంఘటన ఒకటి రాసివ్వండి సార్ అని ఫోన్ చేశారు. ముప్పై నాలుగేళ్ళు నార మిల్లులో దుమ్ము పీల్చినవాడికి గర్వం కన్నా దగ్గు ఎక్కువ. అయినా రాస్తానన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే గర్వపడేది ఒక్కటీ కలం దగ్గరికి రాలేదు. వచ్చింది ఇదొక్కటే. అచ్చు వేస్తారో పక్కన పడేస్తారో వాళ్ళ ఇష్టం. ఊరి పేరు, మిల్లు పేరు, మనుషుల పేర్లు రాయను. నా పేరు ఒక రాయి మీద ఉంది. దాని సంగతి చివర్లో వస్తుంది.

మా మిల్లు శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. నార బేళ్ళుగా లోపలికి వస్తుంది, గోనె సంచులుగా బయటికి పోతుంది. మధ్యలో జరిగేదంతా చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క మిషను గురించి మాత్రం చెప్పాలి. నూనె, నీళ్ళు పట్టించి మెత్తబరిచిన నారని మొట్టమొదట చీల్చే మిషను అది. బ్రేకరు అనేవాళ్ళం. లోపల ఒళ్ళంతా ఇనప ముళ్ళున్న పెద్ద పీపా తిరుగుతూ ఉంటుంది. దాని ముందు రెండు రోలర్లు. వాటికి ఎదురుగా నిలబడ్డ మనిషి నారని పిడికెడు పిడికెడు పరుస్తూ అందిస్తూ ఉండాలి. తడి నార వేళ్ళకి చుట్టుకుంటుంది. రోలరుకి నారా వేలూ ఒకటే. నేను చేరేనాటికి ఆ షెడ్డులో పది వేళ్ళూ మిగిలిన పాతవాళ్ళు తక్కువ.

ఫిట్టరు మేస్త్రిది సముద్రం ఒడ్డు. ఇంట్లో అందరూ వేటకెళ్ళేవాళ్ళే. ఇతనికి మాత్రం చేపల మీద కన్నా పడవ ఇంజను మీద ధ్యాస ఎక్కువ. అలా స్పానరు పట్టి, చివరికి మా మిల్లుకి చేరాడు. ఐదో తరగతి దాటలేదు. ఏదైనా బొమ్మ గీసి చూపించమంటే సుద్దముక్కతో నేల మీద గీసి, ఆ గీతల మధ్యే నిలబడి వివరించేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను బాబూ అనేవాడు, నేను మేస్త్రీ అనేవాణ్ణి. షెడ్డులో మిగతావాళ్ళకి మావ. నేను షిఫ్టు సూపర్‌వైజర్ని, డిప్లొమా ఉన్నవాణ్ణి. మిషను గురించి నాకు తెలిసిందంతా అతని దగ్గర నేర్చుకున్నదే. ఈ మాట సర్వీసులో ఉన్నంతకాలం ఎవరితోనూ అనలేదు.

ఒక రోజు బ్రేకరు పక్కన పీట వేసుకుని, నార అందించేవాణ్ణి చూస్తూ పొద్దున్నించీ కూర్చున్నాడు. ఏమిటి మేస్త్రీ, పని లేదా అని ఎగతాళి చేశాను. అతను నవ్వలేదు.

"సెయ్యి దొరికిపోయినోడికి స్విచ్చి నొక్కడానికి సెయ్యి ఎక్కడుంటాది బాబూ? మావోలు వల లాగినప్పుడు పడవంచుకి బొడ్డు ఆనించి లాగుతారు. వల బరువెక్కితే ముందు బొడ్డుకి తెలుస్తాది, తర్వాతే సేతులకి."

నెల తిరక్కుండా పాత మగ్గం నుంచి తీసిన టేకు కర్రొకటి బ్రేకరు ముందు, సరిగ్గా మనిషి బొడ్డు ఎత్తున, అడ్డంగా బిగించాడు. కర్ర నుంచి ఒక కడ్డీ వెళ్ళి బెల్టుని పట్టుకుంటుంది. నార చేతిని లోపలికి లాగితే మనిషి ముందుకి తూలతాడు. పొట్ట కర్రని నెడుతుంది. కర్ర కదిలితే కడ్డీ బెల్టుని పక్కనున్న ఖాళీ చక్రం మీదకి తోసేస్తుంది. మిషను ఆగిపోతుంది. ఇంతే. ఎలా పనిచేస్తుందో చూపించడానికి తన మణికట్టుకే తడి నార చుట్టుకుని రోలరుకి ఇచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అతని వేళ్ళకీ రోలరుకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంది. మళ్ళీ చేసి చూపించాడు. ఆ సాయంత్రం మొత్తం అలా ఏడెనిమిది సార్లు చేశాడు.

దానికి షెడ్డు పెట్టిన పేరు బొడ్డుకర్ర. దాని మీద మగవాళ్ళూ ఆడవాళ్ళూ వేసుకున్న జోకులు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆరు బ్రేకర్లకీ బిగించాక మా షెడ్డులో వేలు తెగిందన్న మాట వినలేదు. ఆయుధపూజ నాడు మేనేజరు అతనికి తువ్వాలు కప్పాడు. ఆ తువ్వాలుతోనే మర్నాడు గ్రీజు తుడుచుకుంటూ కనిపించాడు.

ఇక నా సంగతి.

మా వైపు లైటు కట్టెయ్యమంటాం, ఫ్యాను కట్టెయ్యమంటాం, మోటారు కట్టెయ్యమంటాం. ఆపమని. దూడని కట్టెయ్యమన్నా అదే మాట. ఈ రెండు అర్థాల మధ్య సందులో నేను ఇరవై రెండేళ్ళు దాక్కున్నాను.

బొడ్డుకర్రతో ఒక ఇబ్బంది ఉండేది. షిఫ్టు చివరికి అలసిన మనిషి తెలియకుండానే కర్ర మీదకి ఒరుగుతాడు. మిషను ఆగుతుంది. ఆగినప్పుడల్లా నార తెగుతుంది, మళ్ళీ అతకాలి, వెనకనున్న మిషన్లన్నీ తిండి లేక ఎదురుచూస్తాయి. ధాన్యం కొనుగోళ్ళ కాలం వచ్చింది. సంచులు సంచులని పైనుంచి ఒకటే ఒత్తిడి. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, మీ షెడ్డు దగ్గరే అంతా ఆగిపోతోంది, ఏదో ఒకటి చూడండి అన్నాడు. కర్ర కట్టమని ఆయన అనలేదు. ఆ స్థాయిలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ అనరు. ఆ ఏదో ఒకటి ఏమిటో నాలాంటివాడే కిందికి దిగివచ్చి, తన నోటితో అనాలి.

మూడో నంబరు బ్రేకరు దగ్గర నార అందించేవాడు నా వయసువాడే, రైతు కుటుంబం. నేను చెప్పింది కాదనడని తెలుసు. వాడి దగ్గరికి వెళ్ళి, ఈ వారం రోజులూ కర్ర కట్టెయ్ అన్నాను. కింది నుంచి కట్టు, పైకి కనపడకూడదు, ఎవరైనా తనిఖీకొస్తే లాగగానే ఊడిపోయేలా జారుముడి వెయ్ అని కూడా చెప్పాను. ముడి దాకా ఆలోచించినవాణ్ణి, మనిషి దాకా ఆలోచించలేదు. మేస్త్రి మావకి చెప్పాలి కదా సారూ అన్నాడు వాడు. నేను చెబుతాలే అన్నాను.

చెప్పలేదు. మేస్త్రి ఆ నాలుగు రోజులూ మిల్లు అవతలి కొసన వేరే షెడ్డులో ఏదో మరమ్మతులో ఉన్నాడు. పని ఒత్తిడిలో మర్చిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. చెబితే ఒప్పుకోడని చెప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత మూడో నంబరు రోలరుకి నార చుట్టుకుని బిగుసుకుంది. అందించేవాడు మంచినీళ్ళకి వెళ్ళాడు. అప్పుడే అవతలి షెడ్డులో పని ముగించుకుని మేస్త్రి అటుగా వచ్చాడు. బిగుసుకున్న నార తియ్యాలంటే ముందు మోటారు ఆపాలని నియమం. ఆ నియమం అందరికన్నా ఎక్కువ తప్పేది అతనే. నడుస్తున్న మిషనులోనే, బొడ్డు కర్రకి ఆనించి, కొక్కెంతో నార లాగేసేవాడు. ఎన్నిసార్లు చూశానో. అతనికి ఆ కర్ర మీద అంత నమ్మకం. మిల్లులో దాన్ని పూర్తిగా నమ్మినవాడు అతనొక్కడే.

నేను అద్దాల గదిలో రిజిస్టరు రాసుకుంటున్నాను. కట్టెయ్యండి, కట్టెయ్యండి అని కేక వినపడింది. గొంతు అతనిదని మొదట పోల్చుకోలేదు. ఎవరో పరిగెత్తి మోటారు ఆపారు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నేను వెళ్ళేసరికి కుడిచెయ్యి భుజం దాకా లోపల ఉంది. అంతకుమించి రాయను.

ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి సంగతి చూశాక, పొట్ట మీద ఇదేమిటని అడిగాడు. బొడ్డు మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకి, అడ్డంగా, నల్లగా కమిలిన గీత. కదలని కర్రని అతను ఎంత బలంగా నెట్టాడో ఆ గీత చెబుతోంది. గదిలో ఆ భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏమో సార్, తెలీదన్నాను.

రెండో రోజు అతనికి బాగా తెలివొచ్చింది. భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ బుట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి. నన్ను చూసి కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. అతను నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెయ్యి గురించి అడుగుతాడనుకున్నాను.

"కర్ర ఎందుకు కదల్నేదు బాబూ? పిన్ను అరిగిపోయుంటాది. నేదంటే కడ్డీ పట్టేసుంటాది. ఎక్కడో తప్పు సేసినాను. మిగతా అయిదూ అలగే ఉంటాయేమో, ఓ పాలి సూడండి. ఇంకోడికి ఇలగవకూడదు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మేస్త్రీ, నీ పిన్ను బాగానే ఉంది, నీ కర్రలో ఏ తప్పూ లేదు, నేనే కట్టించాను అని. నాలుగు ముక్కలు. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. నా నోట్లోంచి వచ్చింది, చూస్తాను మేస్త్రీ అన్న మాట. అతను కళ్ళు మూసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే పోయాడు. తను చేసిన వస్తువే తనని మోసం చేసిందనుకుంటూ పోయాడు.

మిల్లు గేటు దగ్గర ఆవిడ మూడు రోజులు కూర్చుంది, వాడలోని ఆడవాళ్ళని వెంటేసుకుని. కర్రకి పురికొస కట్టి ఉందట కదా, చూపించమంది. కోసి తీసిన పురికొసని కాగితం పొట్లంలో పెట్టి సెక్యూరిటీ గదిలో ఉంచారు. చూపించారు. ముడి అలాగే ఉంది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి నా చేతిలో పెట్టింది.

"ఇది జారుముడి బాబూ. మావోడు ఎయ్యడు. వలకి జారుముడేస్తే వల సముద్రానికే పోతాది. పుట్టి బుద్దెరిగినకాణ్ణించీ ఆ ముడి ఆయన సేతికి రాదు."

ముడి నా అరచేతిలో ఉంది. ఇలాంటివి మేం చూసుకుంటాం అమ్మా, మీరు ఇంటికెళ్ళండి అన్నాను.

విచారణకి పై నుంచి ఒక అధికారి వచ్చాడు. నార అందించేవాణ్ణి పిలిచి, ఆ రోజుల్లో సూపర్‌వైజరు మీకు ఏమని చెప్పాడు అని అడిగాడు. కట్టెయ్యమన్నారండి అన్నాడు వాడు. ఉన్నదున్నట్టే చెప్పాడు పాపం. తర్వాత నన్ను పిలిచి అదే ప్రశ్న వేశాడు. కట్టెయ్యమన్నాను సార్ అన్నాను. అంటే నార బిగుసుకుంటే మిషను కట్టేశాకే చెయ్యి పెట్టమన్నారు, అంతేగా అన్నాడు రాసుకుంటూ. నేను తల ఊపాను.

నా జీవితంలో ఆ తల ఊపడం కన్నా పెద్ద పని ఏదీ చెయ్యలేదు. రిపోర్టు వచ్చింది. మిషను ఆపాలని సూపర్‌వైజరు స్పష్టంగా చెప్పినా వినకుండా, నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టాడు. పనికి అడ్డొస్తోందని భద్రతా కర్రని తానే కట్టేసుకున్నాడు. ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణం. కింద సాక్షిగా నా సంతకం. నార అందించేవాడు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అంతా సరిగ్గానే రాసుకున్నాడా సారూ అని అడిగాడు. రాసుకున్నాడన్నాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి గేటు వైపు నడిచాడు. నెల తిరక్కుండా మిల్లు మానేసి సాలూరు పోయి లారీల దగ్గర కుదిరాడు. కొన్నేళ్ళకి అక్కడే పోయాడని విన్నాను.

మేస్త్రి పేరు ఆ తర్వాత మా మిల్లులో హెచ్చరికగా మిగిలింది. తన కర్ర తనే కట్టుకున్న మనిషి అనేవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళకి మూడో నంబరు కర్రని చూపించి. ఆ మాట సంతల్లోకీ వెళ్ళింది. ఆవిడ బుట్ట దించితే, చేపలు బేరమాడుతూనే, మీ ఆయనే కదూ అని అడిగేవాళ్ళుండేవారట. నేను ప్రమోషన్లు తీసుకున్నాను. చిన్నవేలే. రిటైరై అరసవల్లిలో గుడి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాను.

నిరుడు మిల్లు చేతులు మారింది. కొత్తవాళ్ళ తరఫున ఎవరో పెద్ద ఇంజనీరు వచ్చి బొడ్డుకర్రలు చూసి ఆశ్చర్యపోయాడట. ఇంత సులువైన ఉపాయం ఎవరిదని అడిగాడట. ఐదో తరగతి ఫిట్టరుదని తెలిసి, భద్రతా వారోత్సవం వస్తోంది కదా, గేటు దగ్గర ఆయన పేరిట ఒక రాయి నిలబెడదాం అన్నాడు. పాత కార్మికులతో కమిటీ వేశారు. మేస్త్రిని బాగా ఎరిగినవాడినని నన్ను కార్యదర్శిని చేశారు. వద్దనాలి. అనలేదు. రాయి నిలబెడితే కొంతైనా తేలికపడతానేమోనన్న ఆశ. ఇలాంటి ఆశలు ముసలితనంలో వస్తాయి, జాగ్రత్తగా ఉండండి.

ఫొటో కోసం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ముసలిదైంది, నడుం వంగింది, బుట్ట మాత్రం వదల్లేదు. పెట్టెలోంచి ఫొటో తీసిచ్చి, ఒక్కటే అడిగింది. కర్ర ఆయన కట్టలేదని రాయి మీద ఒక్క ముక్క రాయించమంది. నాకు సదువు నేదు గానీ సదివినోలు సదువుతారు కదా బాబూ అంది. రాయిస్తానని మాటిచ్చాను.

ఆ ముక్క నేను కమిటీ ముందు పెట్టలేదు. పెడితే, ఆయన కట్టకపోతే ఎవరు కట్టారని అడుగుతారు. టెక్కలి వైపు నుంచి నీలం రాయి వచ్చింది, మనిషి ఎత్తున. పైన మేస్త్రి పేరు. దాని కింద, యంత్ర భద్రతా నియంత్రణ దండ రూపకర్త, విధి నిర్వహణలో అసువులు బాసిన ధన్యజీవి. బొడ్డుకర్ర అన్న మాట పెద్దలకి మోటుగా తోచింది. ఆ తర్వాత యాజమాన్యంవారి పేర్లు. అట్టడుగున, ఏర్పాటు, కమిటీ కార్యదర్శి అని నా పేరు. మేస్త్రి బతికుంటే ఆ దండం ఏమిటో తెలియక నన్నే అడిగేవాడు.

ఆవిష్కరణ రోజు దండలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. అందరూ షామియానా కింద టిఫిన్లకి వెళ్ళారు. ఆవిడ రాయి దగ్గరే ఉండిపోయింది. నన్ను పిలిచింది. దగ్గరికి వెళ్ళాను.

"కర్ర కట్టింది ఎవులో ఇందులో ఉన్నాదా బాబూ?"

ఉందమ్మా అన్నాను. ఎక్కడో చూపించమని వేలు చాచింది. వంగిన మనిషి, చెయ్యి పైకి అందదు. ఆ వేలు పట్టుకుని అందిన చోట, అట్టడుగు వరస మీద పెట్టాను. అక్షరాల మీద మెల్లగా అటూ ఇటూ రాసింది. తను రాయించమన్న ముక్క అదేననుకుని, రొంటిన దోపుకొచ్చిన కుంకం పొట్లం విప్పి ఆ వరస పొడుగునా పెట్టింది. నేను దాని మీదకి చూడలేకపోయాను.

తప్పించుకోవడానికి షెడ్డులోకి నడిచాను. అతిథుల కోసం బ్రేకర్లన్నీ కడిగి పెట్టారు. బొడ్డుకర్రలకి కొత్త ఎర్ర రంగు వేశారు. మూడో నంబరు దగ్గర ఆగి, ఎందుకో కర్ర కింద చెయ్యి పెట్టి తడిమాను. పురికొస తగిలింది. లాగాను. ఊడి చేతికొచ్చింది. అదే జారుముడి. ఎవరు కట్టమన్నారని అక్కడున్నవాణ్ణి అడిగాను. ఎప్పట్నించో అలాగే ఉంటాది సార్ అన్నాడు. నేను మొదలుపెట్టిన అలవాటు నాకన్నా ఎక్కువ కాలం ఉద్యోగం చేస్తోంది.

మిల్లులో ఏం జరిగిందో ఆ తర్వాత పట్టించుకోలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఆవిడ పొద్దున్నే అమ్మకానికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆటో ఆపించి, అట్టడుగు వరసకి కుంకం పెట్టి వెళుతోందని ఎవరో చెప్పారు. ఆ రోజు నేను అన్నం సగంలో వదిలేశాను.

ఒక ఆదివారం మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఆదివారం మా వీధి నిండా సూర్యనారాయణస్వామి భక్తులే, చేపల బుట్ట ఆ వీధిలో దిగదు. ఆవిడ దిగింది, ఉత్త చేతులతో. అమ్మకానికి రాలేదని అప్పుడే అర్థమైంది. కుర్చీ వేశాను. కూర్చోలేదు, గుమ్మం పక్కన అరుగు మీద చేరగిలబడింది. మంచినీళ్ళిస్తే తాగింది.

తను ఎక్కే ఆటో డ్రైవరు చదువుకున్నవాడట. మొన్న కుంకం పెడుతుంటే, మామ్మా, అది మీ ఆయన పేరు కాదు, కార్యదర్శి పేరు, దానికెందుకు పెడతన్నావని అడిగాడట. రాయంతా చదివించుకుందట. కర్ర ఆయన కట్టలేదన్న ముక్క ఎక్కడా లేదట. ఇదంతా ఏ కోపమూ లేకుండా, సంతలో ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"కట్టింది ఎవులని నాను అడిగినాను. మీరు మీ పేరు మీద నా ఏలు ఎట్టినారు. అది అబద్దమో నిజమో మీకే తెలియాల. నాను దానికి రానేదు. ఆస్పత్రిలో ఆయన అడిగినాడు, కర్ర ఎందుకు కదల్నేదని. నాను పక్కనే ఉన్నాను. మీరు సూస్తానన్నారు. సూసినారా బాబూ?"

ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఆ పని ఇంకా నా పేరునే ఉంది. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"చూడక్కర్లేకపోయిందమ్మా. నాకు ముందే తెలుసు. కర్ర నేనే కట్టించాను. కట్టెయ్యమన్నది నేనే."

"ఏ కట్టెయ్యడం?"

"పురికొసతో. జారుముడేసి."

వీధిలో కొబ్బరికాయలు అమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను ఊహించింది కాదు.

"అయితే పిన్ను బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉందమ్మా."

"కర్రలో తప్పు నేదు."

"ఏ తప్పూ లేదు. కట్టకపోయుంటే ఆగేది."

ఆవిడ తల ఊపింది. నేను విచారణలో ఊపినట్టు కాదు. అరుగు పట్టుకుని లేచి, ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "ఆ ముక్క ఆ దినం ఆయనకి సెప్పుంటే సాలును. మనిషి నిమ్మళంగా పోయేవోడు" అంది. తిట్టలేదు, శపించలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేదేమో.

మర్నాడు మిల్లు ఆఫీసుకి వెళ్ళి, విచారణలో నేను చెప్పింది తప్పని, జరిగింది ఇదని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. కొత్త మేనేజరు చదివి, ఇప్పుడిది ఎక్కడ పెట్టాలో తెలియదు సార్ అని, అయినా తీసుకున్నాడు. ఆరు కర్రల కిందా ఉన్న పురికొసలు నా కళ్ళ ముందే కోయించాడు. మళ్ళీ కట్టరని నేను చెప్పలేను. మీలో ఎవరైనా రేపు ఏదైనా షెడ్డుకి బాధ్యులైతే, మొదటి రోజు రిజిస్టరు తెరవకముందే వెళ్ళి కర్ర కింద చెయ్యి పెట్టి తడమండి. పైనుంచి చూస్తే కనపడదు. కనపడకుండా కట్టమని చెప్పినవాణ్ణి కనక చెబుతున్నాను.

కమిటీని అడిగితే రాయి ముట్టుకోవద్దన్నారు. రాయి చెక్కినతన్ని నేనే వెతికి పట్టుకుని తీసుకెళ్ళాను. నా పేరు కింద జానెడు చోటుంది. ఏం చెక్కాలని అడిగాడు. కాగితం మీద రాసిచ్చాను. బొడ్డుకర్రలో తప్పు లేదు, దాన్ని కట్టించింది నేను. అతను కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఉలి తీశాడు. సాయంత్రానికి పూర్తయింది.

తర్వాతి సంగతి ఆటో డ్రైవరు చెప్పాడు. మర్నాడు ఆవిడ ఆ కొత్త వరస రెండుసార్లు చదివించుకుందట. కొంగు తడిపి, నా పేరు మీది పాత కుంకమంతా తుడిచేసిందట. తర్వాత ఆయన పేరు ఏదో చూపించమని అడిగి, పైకి అందక, బుట్ట బోర్లించి దాని మీదకి ఎక్కి పెట్టిందట.